పున్నమి కాదు, అష్టమి

హైదరాబాద్ నాగోల్‌లో మెట్రో దీపాలు, ఫ్లైఓవర్ దీపాలు. ఇన్ని వెలుగుల్లో ఆకాశంలో ఏం కనబడుతుందంటారా? చంద్రుడు కనబడతాడు. గురుడు, శని కూడా. పాలపుంత మాత్రం దక్కదు, ఆ ఆశ వదులుకోండి.

ఉప్పల్ దాటి హబ్సిగూడ మీదుగా వెళితే ఉస్మానియా విశ్వవిద్యాలయం. అక్కడ ఖగోళశాస్త్రానికి ప్రత్యేక విభాగమే ఉంది. వాళ్ల అబ్జర్వేటరీ ఇబ్రహీంపట్నం అవతల, జపాల్-రంగాపూర్‌లో. 1980 ఫిబ్రవరి 16న అక్కడ సంపూర్ణ సూర్యగ్రహణం కనిపించింది. శాస్త్రవేత్తలు పరికరాలతో అక్కడ చేరారు. జనమేమో చాలామంది తలుపులేసుకుని ఇళ్లలో కూర్చున్నారు! గ్రహణమంటే ఆ బెదురు ఇంకా పూర్తిగా పోలేదు.

అందుకే ఆ విభాగం విద్యార్థులు టెలిస్కోపు పెట్టి పిలిస్తే, పిల్లలతో వెళ్లండి. పున్నమినాడు కాదు. శుక్లపక్ష అష్టమి, నవమి మంచిరోజులు. పున్నమినాడు ఎండ నేరుగా పడి చంద్రుడు చదునుగా కనిపిస్తాడు. అష్టమినాడు ఏటవాలు ఎండకు గుంతల అంచుల నీడలు పొడుగ్గా పడతాయి. లోతు తెలుస్తుంది.

శనిని చూస్తే వలయం చిన్నగా, స్పష్టంగా ఉంటుంది. కాసేపటికి పక్కకు జారిపోతుంది. టెలిస్కోపు కదల్లేదు, తిరిగింది భూమి. విద్యార్థి మళ్లీ సరిచేసి పెడతాడు. గొట్టాన్ని పట్టుకోకండి, బొమ్మ వణుకుతుంది.

మరోసారి చెబుతున్నా: పున్నమి కాదు, అష్టమి. ఇక సూర్యుణ్ణి మాత్రం తగిన ఫిల్టరు లేని టెలిస్కోపులో ఎప్పుడూ చూడకండి. కళ్లు పోతాయి.