పరదేశమున ఉద్యోగాన్వేషణము

అనంతపురము పీఠభూమిపై సంవత్సరమంతయు కురియు వాన సగటున 550 మిల్లీమీటర్లు మాత్రమే. అదియైనను అదనున పడునను నమ్మకము లేదు. కావుననే ఇచ్చటి వేరుసెనగ రైతు వాన పడిన పిమ్మట విత్తనమునకై వెదకులాడడు. గొర్రు బాగుచేసికొని, కాయలు ఒలిపించి, విత్తనము ముందే సిద్ధపరచుకొనును. పదునైన మరునాడే చేనిలో నుండును. ఆ పదును నిలుచునది కొలది దినములే. పరదేశములో ఉద్యోగము వెదకుకొను మన యువతీయువకులకు మేము చెప్పదలచినదియు ఇదియే. అచ్చటి చట్టము వారికిచ్చు గడువు పదునువంటిది. ముందే సిద్ధపడిన వారికే అది ఫలించును.

కరవునేల విడిచి పనికై పోవుట ఈ సీమకు క్రొత్త కాదు. బెంగుళూరు కట్టడపు పనులకు పోవువారును, కదిరి ప్రాంతమునుండి కువైటునకు పోవువారును చాలకాలముగా నున్నారు. అనంతపురమున ఇంజనీరింగు కళాశాలయు, 1981లో శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయమును ఏర్పడిన పిమ్మట చదువుకొన్నవారు పెరిగిరి. వారిలో పలువురు పైచదువులకై అమెరికాకు, జర్మనీకి, బ్రిటనుకు పోవుచున్నారు. బ్యాంకు అప్పుతోను, పొలముమీద తెచ్చిన సొమ్ముతోను పోవువారు అనేకులు. అప్పు నెత్తిమీద నున్నవాడు తొందరపడును. తొందరపడువానిని మోసగించుట సులభము.

మనవారు ఎక్కువగా పోవు అమెరికా విషయమే మొదట విపులముగా చెప్పెదము. ఉద్యోగాన్వేషణలో తొలిమెట్టు విశ్వవిద్యాలయమును ఎన్నుకొనుటయే. 2011లో కాలిఫోర్నియాలోని ట్రై వ్యాలీ విశ్వవిద్యాలయమును అచ్చటి ప్రభుత్వము మూయించినది. అందలి విద్యార్థులలో అత్యధికులు భారతీయులు; వారిలో తెలుగువారు పెక్కుమంది. 2019లో మిషిగన్ రాష్ట్రమున ఫార్మింగ్‌టన్ విశ్వవిద్యాలయమను పేర బయటపడినది ప్రభుత్వాధికారులే వలపన్ని నడపిన బూటకపు సంస్థ. అందు తరగతులు లేవు, ఉపాధ్యాయులు లేరు. చదువకయే పనిచేసికొనవచ్చునని చేరిన మనవారు నూరుమందికి పైగా నిర్బంధింపబడిరి. తరగతికి రానక్కరలేదు, మొదటి దినమునుండియే పనిచేయవచ్చును అని చెప్పు సంస్థ యెదురైనచో, అచ్చటనే వెనుకకు మరలుట మేలు.

ఇక గడువుల సంగతి. 2025 నాటి నిబంధనల ప్రకారము, చదువు సాగుచున్న దినములలో విద్యార్థి విశ్వవిద్యాలయ ప్రాంగణమున వారమునకు 20 గంటలవరకు పనిచేయవచ్చును. బయట పెట్రోలు బంకులోనో, హోటలులోనో అనుమతి లేక పనిచేసినచో, వచ్చు డాలర్లు కొన్ని, పోవునది భవిష్యత్తు. ఒక విద్యాసంవత్సరము పూర్తియైన పిమ్మట, చదువులో భాగముగా వేసవి ఉద్యోగమునకు అనుమతి దొరకవచ్చును. పట్టము పొందిన పిదప తన విద్యకు సంబంధించిన పని 12 నెలలు చేయవచ్చును. విజ్ఞానశాస్త్రము, ఇంజనీరింగు, గణితము చదివినవారు నిబంధనలకు లోబడి మరి 24 నెలలు పొడిగింపు పొందవచ్చును. ఈ అనుమతికి చదువు ముగియుటకు 90 దినముల ముందునుండి దరఖాస్తు పెట్టవచ్చును. మొదటి 12 నెలల కాలమున పనిలేక యుండు దినములు మొత్తము 90కి మించరాదు. పట్టము చేతికి వచ్చిన పిదప వెదకుట ఆరంభించువానికి ఈ 90 దినములు చూచుచుండగనే కరగిపోవును.

మరి ఎప్పుడు ఆరంభింపవలెను? ఆగస్టులో చేరినవారు ఆ సెప్టెంబరులోనే. పెద్దసంస్థలు పలువేళల రాబోవు వేసవికి కావలసినవారిని ముందటి శరదృతువులోనే ఎన్నుకొనును. ప్రతి విశ్వవిద్యాలయమున ఉద్యోగ సలహా కేంద్రమొకటి యుండును. దాని ఖర్చు మనము కట్టిన రుసుములోనే చేరియున్నను, మన పిల్లలు బిడియముచే దాని గడప త్రొక్కరు. మొదటి నెలలోనే పోయి, తమ దరఖాస్తును వారిచేత దిద్దించుకొనవలెను.

దరఖాస్తు వ్రాయుటలోను భేదమున్నది. మన యలవాటు చొప్పున తండ్రి పేరు, పుట్టిన తేదీ, మతము, వివాహ విషయము అందు వ్రాయరాదు, ఫొటో అంటింపరాదు. క్రొత్త పట్టభద్రునకు ఒక పుట చాలును. ఏమి చదివితిమనుటకంటె ఏమి చేసితిమో చెప్పుట ముఖ్యము. "భూగర్భజలముపై ప్రాజెక్టు చేసితిని" అనుటకంటె, ఎన్ని బోరుబావుల నీటిమట్టము ఎన్ని నెలలు కొలిచినది, అందువలన ఏమి తేలినది వ్రాసిన, చదువువానికి మన పనితనము తెలియును. ఇంటర్వ్యూలో మన పిల్లలు వినయముచే "మేము చేసితిమి" అందురు. అడుగువానికి కావలసినది ఆ పనిలో ఈ యొక్కని వంతు. దానిని గొప్పలు లేక, దాపరికము లేక చెప్పవలెను.

పరిచయముల విషయము మరియొకటి. తన సంస్థలోనివాడు చూపిన మనిషిని కొంత శ్రద్ధగా చూచుట అచ్చటను కలదు. కాని అది మన యూరి సిఫారసువంటిది కాదు, పరీక్ష తప్పదు. మన కళాశాలలో చదివి అచ్చట స్థిరపడిన పెద్దలకు నాలుగు వాక్యముల జాబు వ్రాసి, ఉద్యోగమిప్పింపుమని కాక, ఆ పనికి ఏ విద్య కావలెనో పదునైదు నిమిషములు చెప్పుమని అడుగుట మర్యాద. అట్లడిగినచో కాదనువారు తక్కువ.

లేని అనుభవము ఉన్నట్లు వ్రాయించి, తమకు బదులు మరియొకరిచేత ఇంటర్వ్యూ చెప్పించి ఉద్యోగమిప్పింతుమను దళారులు కలరు. ఆ అబద్ధము ఏండ్ల తరువాత బయటపడినను వీసాకు ముప్పే. చట్టములును స్థిరములు కావు. 2025 సెప్టెంబరులో విదేశమునుండి క్రొత్తగా రప్పించుకొను హెచ్-1బి ఉద్యోగులపై లక్ష డాలర్ల రుసుము ప్రకటింపబడి, రెండు దినములలో అమలునకు వచ్చినది. కావున ఒక్క దేశమునే నమ్ముకొనరాదు. జర్మనీలో పట్టము పొందినవారికి ఉద్యోగము వెదకుకొనుటకు 18 నెలల గడువు కలదు. కాని ఆ దేశభాష రానిచో చాల తలుపులు తెరచుకొనవు. అనంతపురములోనే రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టువారు పల్లెల పట్టభద్రులకు విదేశభాషలు నేర్పించిరి. భాష ఇచ్చట నేర్చి పోవుట ఖర్చు తక్కువ మార్గము.

కూలిపనికై గల్ఫు దేశములకు పోవువారికిని ఇదే నీతి. పదవ తరగతి ఉత్తీర్ణులు కానివారు 1983 నాటి వలస చట్టము ప్రకారము వలసదారుల సంరక్షకాధికారి అనుమతి పొందవలెను. ఏజెంటునకు ప్రభుత్వపు లైసెన్సు కలదో లేదో ఈ-మైగ్రేట్ పట్టికలో చూడవలెను. ఆజాద్ వీసా అనునది చట్టములో లేదు. కువైటులో ఇంటిపని వీసా 20వ నంబరుది, ప్రైవేటు సంస్థలలో పనికి 18వ నంబరుది. ఒకదానిపై పోయి మరియొక పని చేసినవాడు నేరస్థుడగును. ఒప్పందపు ప్రతి ఒకటి ఇంటిలో ఉంచి పోవలెను.

తల్లిదండ్రులకు ఒక మనవి. వారము వారము "ఉద్యోగము వచ్చినదా?" అని అడుగుటవలన బిడ్డ తొందరపడి దళారి చేతిలో పడవచ్చును. "ఈ వారము ఎవరిని కలిసితివి? గడువు ఇంకెన్ని దినములున్నది?" అని అడుగుడు. తిరుగుప్రయాణపు సొమ్ము విడిగా దాచి, ఆ సంగతి బిడ్డకు ముందే చెప్పుడు. ఇంటికి తిరిగి రావచ్చునని తెలిసినవాడు తప్పుడు కాగితముపై సంతకము చేయడు.