వారములును సంభావనలును
(మచిలీపట్టణమున మన సంఘ వార్షిక మహాసభయందు చదివిన యుపన్యాసము)

  

 ముప్పదియైదేండ్లు బాలురకు శబ్దములును సమాసములును వల్లె వేయించి విశ్రాంతి గొన్న బడిపంతులు వైద్యపరిశోధనమును గూర్చి మాటాడవచ్చుట మీలో కొందఱకు వింతగ దోపవచ్చును. మాకు వైద్యము తెలియదు. కాని విద్యార్థికి ఏమి కావలెనో, కావలసినది సమయమునకు అందకున్న ఏమగునో మాకు కొంత తెలియును. ఆ కొంత చెప్పుటకే ఈ వేదిక నెక్కితిమి.

పూర్వము మన సీమయందు బీదవిద్యార్థి గ్రామములో ఏడిండ్లు కుదుర్చుకొని, దినమున కొక యింట భుజించుచు, గురువునొద్ద చదువుకొనెడివాడు. దానిని వారములు చేసికొని చదువుకొనుట యనెడివారు. చదువు ముగిసి పండితుడైన పిమ్మట సభలలో ప్రసంగించి శాలువయు సంభావనయు బడసెడివాడు. వారము ఆకలి దీర్చునది. సంభావన గౌరవము దెలుపునది. వారము పెట్టు ఇల్లాలు లేనిచో సంభావనకు పాత్రుడగు పండితుడే లేడు. నేడు పరిశోధనమునకు ముందుగా నొసగు ధనమును గ్రాంటనియు ఫెలోషిప్పనియు, ఫలించిన పిమ్మట నొసగు గౌరవమును అవార్డనియు పిలుచుచున్నారు. పేరులు మాఱినవి గాని ధర్మము మాఱలేదు. మన సంఘము ఏటేట సంభావనలు ఘనముగ జరుపుచున్నది. వారములు పెట్టుట మాత్రము మఱచినది. ఇదియే మా విన్నపము యొక్క సారాంశము.

దీనికి దృష్టాంతముగ ఆంధ్రుడగు ఒక మహాపురుషుని కథ చెప్పవలసియున్నది. యల్లాప్రగడ సుబ్బారావుగారు 1895వ సంవత్సరము జనవరి 12వ తేదీన భీమవరమున జన్మించిరి. ఆయన సోదరు లిరువురు స్ప్రూ యను గ్రహణీవ్యాధివలన కొలదిదినముల వ్యవధిలో మరణించిరి. మద్రాసు వైద్యకళాశాలలో చదివిన పిమ్మట ఆ వ్యాధులకు మూలము వెదకవలెనను తపనతో 1922లో అమెరికాలోని బోస్టను నగరము చేరిరి. దారిఖర్చులకు మామగారు ధనము సమకూర్చిరి. కాకినాడయందలి మల్లాడి సత్యలింగం నాయకరుగారి ధర్మసంస్థ సాయము చేయుదుమని మాట యిచ్చినది. నాయకరుగారు రంగూనులో ధనము గడించి తమ సంపదను ధర్మమునకు వ్రాసి పోయిన దాత. దాతది ఒక కులము, గ్రహీతది మఱియొక కులము. ఈ మాట మనవంటి సభయందు చెప్పికొనదగినదే యని తలంచుచున్నాము.

అక్కడ చేరిన తోడనే పరిశోధక వేతనము లభింపలేదు. పగలు చదువుకొనుచు, రాత్రులు ఆసుపత్రిలో రోగుల మలమూత్ర పాత్రలు కడిగి ఆయన పొట్టపోసికొనెను. పిదప హార్వర్డునందు ఫిస్కే పండితునితో గూడి, రక్తమునందలి భాస్వరమును కొలుచు పద్ధతిని 1925లో ప్రకటించెను. కండరములకు శక్తినిచ్చు పదార్థముల విషయమున ఆ యిరువురు చేసిన పని నేటికిని వైద్యవిద్యార్థులకు పాఠమే. 1940లో లెడర్లే ఔషధసంస్థలో చేరి పరిశోధనలు నడపెను. ఫోలిక్ ఆమ్లమును ప్రయోగశాలలో తయారుచేయుట, 1948లో వెలువడిన ఆరియోమైసిన్, చిన్నపిల్లల రక్తపుక్యాన్సరునకు మొదట ఉపశమనము చూపిన అమినాప్టెరిన్ — ఇవి యన్నియు ఆయన నాయకత్వమున జరిగిన పనులు. సోదరులను బలిగొన్న వ్యాధికి ఫోలిక్ ఆమ్లము మందయ్యెను. 1948వ సంవత్సరము ఆగస్టునెలలో, ఏబదిమూడేండ్ల ప్రాయముననే ఆయన పరమపదించెను. నోబెలు బహుమానము రాలేదు. మన ప్రభుత్వము తపాలాబిళ్ళ వేయుట 1995లో, అనగా శతజయంతి యేట. సంభావన అంత యాలస్యముగ వచ్చినది. వారము సమయమునకు దొరకుటచేతనే ఆ జీవితము ఫలించినది.

డెల్టావాసులమగు మన మాయనకు మఱియొక విధమునను ఋణపడి యున్నాము. బోదకాలు మన కాలువగట్ల జనులకు తరతరముల చుట్టము. ఆ వ్యాధికి డైయిథైల్ కార్బమజీన్ అను మందు 1947లో ఆయన బృందము కృషివలననే వెలువడినది. 2004 మొదలు మన దేశమున బోదకాలు నివారణకై ఏటేట ఇంటింట మ్రింగించిన మాత్రలలో అది యొకటి. మాత్ర మ్రింగువాని గోత్రమేదో ఆ మందడుగదు.

ఇక మా తప్పు చెప్పికొందుము. 2018వ సంవత్సరపు వానకాలమున దివిసీమలో పాముకాట్లు మిక్కిలిగ సంభవించుట మీకు జ్ఞాపకముండును. ఆ శీతకాలమున మన సంఘమునకే చెందిన, వైద్యవిద్య రెండవయేట చదువుచున్న ఒక బాలిక మాయింటికి వచ్చినది. చేతిలో ఒక దరఖాస్తు ఉన్నది. “మాస్టారూ, పాముకాటుకు వేసే సూదిమందు ఎక్కడో పట్టిన పాముల విషంతో తయారౌతుందట. మన లంకల్లో పాములకు అది ఎంత మోతాదులో పనిచేస్తోందో కేసుషీట్లు చూసి లెక్క కట్టాలని ఉంది” అన్నది.

ఆమె పలికినది నిజమని మేము తరువాత తెలిసికొంటిమి. మన దేశపు విషనివారకము నాగుపాము, కట్లపాము, రక్తపింజర మొదలగు నాలుగు జాతుల విషముతో తయారగును. ఆ విషములో అధికభాగము తమిళనాడునందలి ఇరుళుల సహకారసంఘమువారు పట్టిన పాములది. ఒకే జాతి పాము విషమైనను ప్రాంతమును బట్టి మాఱుచుండునని పరిశోధకులు కనుగొనియున్నారు. కాబట్టి ఆ పిల్ల అడిగిన ప్రశ్న పసితనపు ప్రశ్న గాదు. వరినాట్లు వేయు ప్రతి కూలివాని ప్రాణమునకు సంబంధించిన ప్రశ్న.

భారత వైద్యపరిశోధనా మండలివారు వైద్యవిద్యార్థులు రెండు నెలలు పరిశోధనము చేయుటకై 1979 మొదలు ఒక వేతనమిచ్చుచున్నారు. ఆమె చేతిలోనిది ఆ దరఖాస్తే. అయితే ఆ సొమ్ము ముందుగ రాదు. పని ముగించి, నివేదిక పంపి, అది ఆమోదము పొందిన పిమ్మట వచ్చును. ఆ రెండు నెలల బస్సు చార్జీలకును భోజనమునకును కొంత బదులడిగినది. వేతనము రాగానే తీర్చెదనన్నది. అప్పుడు సంఘపు విద్యానిధికి కార్యదర్శులము మేమే. నియమావళి తిరుగవేసితిమి. మార్కులకు పతకమున్నది, వసతిగృహమునకు విరాళమున్నది. పరిశోధనమునకు పద్దు లేదు. “నిబంధన లేదమ్మా, బాగుగ చదువుము” అని దీవించి పంపితిమి. ఆమె ఇంట అప్పటికే అప్పులు. గడువు దాటినది.

మఱుసటి యేట, ఇట్టి సభయందే, తరగతిలో ప్రథమురాలైనందులకు ఆమె మెడలో బంగారు పతకము వేసినది మేమే. ఆమె మా పాదములకు నమస్కరించినది, ఒక్కమాట యనలేదు. ఆ పతకమునకైన వ్యయములో సగమైనను ఆమె అడిగియుండలేదు. ఆ రాత్రి మాకు నిద్రపట్టలేదు. నేడామె మంచి వైద్యురాలై రోగులను చూచుకొనుచున్నది. ఆ ప్రశ్న మాత్రము అడిగినచోటనే యున్నది.

ఇట్టిది మఱల జరుగకుండవలెనన్న ఏ దారులున్నవో మన మెఱుగవలెను. మేము విచారించి తెలిసికొన్నంతవఱకు మనవి చేయుదుము.

భారత వైద్యపరిశోధనా మండలి 1911లో వేఱొక పేరుతో పుట్టి, 1949లో ఇప్పటి పేరు ధరించినది. విద్యార్థులకు పైన చెప్పిన వేతనమేగాక, పరిశోధకులకు ఫెలోషిప్పులును, వైద్యకళాశాలల అధ్యాపకులకు ప్రాజెక్టు గ్రాంటులును ఇచ్చుచుండును. హైదరాబాదునందలి జాతీయ పోషకాహార సంస్థ దానిదే. 1918లో కూనూరున ఆరంభమై 1958లో హైదరాబాదునకు వచ్చినది. అదే నగరమున మన ప్రభుత్వ బయోటెక్నాలజీ శాఖయు, లండనునందలి వెల్కం ట్రస్టును 2008లో కలిసి నెలకొల్పిన ఇండియా అలయెన్సు కలదు. పరిశోధకులకు కొన్ని సంవత్సరములపాటు నడచు ఫెలోషిప్పులు వీరిచ్చుచున్నారు. రోగులను చూచు వైద్యులకును ప్రజారోగ్య పరిశోధకులకును అందు స్థానమున్నది. ఆ వెల్కం ట్రస్టుకూడ హెన్రీ వెల్కం అను మందుల వర్తకుడు 1936లో మరణించుచు వ్రాసిన వీలునామావలన పుట్టినదే. ఇవిగాక 2023వ సంవత్సరపు చట్టమువలన ఏర్పడిన అనుసంధాన్ జాతీయ పరిశోధనా సంస్థయు గలదు.

దరఖాస్తునకు ముఖ్యముగ నైదంగములు. మొదటిది ప్రశ్న, అది చిన్నదై, స్పష్టమై, తేలునదిగ నుండవలెను. రెండవది మార్గదర్శకుడగు అధ్యాపకుడు. మూడవది కళాశాలయందలి నైతికసంఘము అనుమతి. రోగుల వివరములు తాకు పనికి ఇది లేక యడుగు కదలదు, దీనికే నెలలు పట్టవచ్చును. నాల్గవది పద్దు, దేనికెంతయో పైసలతో చూపవలెను. అయిదవది గడువు. కాలువకు నీరు వదలిన పిమ్మట నారుమడి దున్నువాడు ఎట్లు వెనుకబడునో, ప్రకటన వెలువడిన పిమ్మట ప్రశ్న వెదకువాడు నట్లే వెనుకబడును. ఒకమాఱు తిరస్కృతమైనంతమాత్రమున కుంగరాదు. పరీక్షకులు వ్రాసిన దోషములు సవరించి మఱల పంపవలెను.

అవార్డుల విషయమున ఒక హెచ్చరిక. 1958 మొదలు ఇచ్చుచున్న శాంతిస్వరూప్ భట్నాగర్ పురస్కారము వంటివి చేసిన పనికి దక్కు గౌరవములు. 2024 నుండి అవి రాష్ట్రీయ విజ్ఞాన పురస్కారములలో భాగమైనవి. ఇట్టివానితోపాటు, ముందు రుసుము కట్టుమని ఉత్తరము వ్రాసి, కట్టినవారి కెల్ల బిరుదు లంటగట్టు సంస్థలును బయలుదేరినవి. కొనుక్కొన్న శాలువ చలికి పనికివచ్చునేమో గాని కీర్తికి పనికిరాదు. మన పిల్లలను అందు దింపకుడు.

ఇక మన కర్తవ్యము. బందరునకు నిధి కూర్చుట క్రొత్త విద్య గాదు. ప్రజల విరాళములతో 1910లో ఆంధ్రజాతీయ కళాశాల నిలిచినది ఈ యూరనే. 1923లో పట్టాభి సీతారామయ్యగారు ఆంధ్రాబ్యాంకు స్థాపించినదియు నీ యూరనే. 2020లో అది యూనియన్ బ్యాంకులో విలీనమై పేరు మాసినను, చిన్నమొత్తములు చేరి పెద్దపని యగునను పాఠము మాయలేదు. 2023లో ఈ పట్టణమున ప్రభుత్వ వైద్యకళాశాలయు తెఱవబడినది. ప్రశ్న లడుగు పిల్లలు ఇకమీద మన వీధులలోనే నడచుచుందురు.

కావున మూడు కోరికలు. ఒకటి, ఏటేట ఇచ్చు పతకములలో రెండింటిని తగ్గించి, ఆ ధనముతో పరిశోధక సహాయనిధి నారంభింపవలెను. వేతనము చేతికి వచ్చువఱకు విద్యార్థికి బదులిచ్చి, వచ్చిన పిమ్మట తిరిగి గైకొనవలెను. రెండు, సంఘకార్యాలయమున నొకరు ఆయా సంస్థల ప్రకటనలను, గడువులను తెలిసికొని గోడమీది పలకపై వ్రాయించుచుండవలెను. మఱచినచో సంజాయిషీ యడుగవలెను. మూడు, మన ప్రాంతపు రోగమును గూర్చిన ప్రశ్నయైనచో, అడుగువాని కులమడుగకుండ ఈ నిధి తలుపు తెఱచియుండవలెను. మూడవదానికి కొందఱు పెద్దలు సమ్మతింపరని యెఱుగుదుము. వారితో వాదింపము. సత్యలింగం నాయకరుగారి సొమ్మునకు ఆశపడి ఓడయెక్కిన యల్లాప్రగడవారిని, బోదకాలు మాత్రను ఒక్కమాఱు తలంచికొనుడని మాత్రము వేడుచున్నాము.

మా వంతుగ ఒక నెల పింఛనును ఈ నిధికి నేడే యర్పించుచున్నాము. బ్రతికియున్నన్నినాళ్ళు ఏటేట నిచ్చెదము. ఇది దానము గాదు, బాకీ. ఆ బాలికకు ఉత్తరము వ్రాసితిమి. తాను చూచిన పాముకాటు రోగుల వివరములు, పేరులు లేకుండ, ఒక పుస్తకమున నిన్నాళ్ళును వ్రాసికొనుచునే యున్నానని ప్రత్యుత్తరమిచ్చినది. ఈ నిధినుండి మొదటి వారము ఆమె ప్రశ్నకే పెట్టవలెనని సభవారిని ప్రార్థించుచున్నాము.