ఎండ మనది, నీళ్ళు మనవి.. కరెంటులో వాటా ఎవరిది?

(విద్యార్థులు, ఉద్యోగుల సభలో చేసిన ప్రసంగ పాఠం)



కరెంటు ముచ్చట మన రైతుకు ఒకరు చెప్పాల్సిన పని లేదు. కాల్వ రాని ఊరికి బోరే దిక్కు. బోరుకు మోటరు దిక్కు, మోటరుకు కరెంటు దిక్కు. తెలంగాణలో 20 లక్షలకు పైగా వ్యవసాయ మోటర్లున్నాయి. అందుకే ఎండ కరెంటు, గాలి కరెంటు అనేవి ఇంజనీర్లు మాత్రమే మాట్లాడుకునే విషయాలు కావు. మనమూ మాట్లాడాలె.

పొద్దుగూకితే సోలార్ పలక పనిచేయదు. మబ్బు పట్టినా ఉత్పత్తి పడిపోతుంది. గాలి లెక్క వేరు. నైరుతి రుతుపవనాలు రాగానే, జూన్ నుంచి సెప్టెంబర్ దాకా దక్కన్‌లో గాలి జోరందుకుంటుంది. అంటే ఎండ తగ్గే కాలంలోనే గాలి ఆదుకుంటుంది. ఈ రెంటినీ ఒకే సబ్‌స్టేషన్‌కు, ఒకే లైనుకు కలిపితే అదే హైబ్రిడ్. సోలార్ ఒక్కదానికే లైను వేస్తే రాత్రంతా అది ఖాళీ. గాలిమర తోడైతే అదే లైను రాత్రి కూడా కరెంటు మోస్తుంది.

2018లో కేంద్రం దీనికి ఒక విధానం తెచ్చింది. ఒకదాని సామర్థ్యం రెండోదానిలో కనీసం 25 శాతం ఉంటేనే హైబ్రిడ్ అంటారు. 2022 మే నెలలో రాజస్థాన్‌లోని జైసల్మేర్‌లో 390 మెగావాట్ల కేంద్రం మొదలైంది. అక్కడ 360 మెగావాట్ల సోలార్, 100 మెగావాట్ల గాలిమరలు పెట్టారు. కూడితే 460. అయినా ఒప్పందం 390కే. ఎందుకంటే రెండూ ఒకేసారి నిండుగా ఉత్పత్తి చేయడం అరుదు.

మరి మన సంగతేంది? నిజం ఒప్పుకోవాలె. మన దగ్గర ఎండ దండిగా ఉంది, గాలి తక్కువ. రాష్ట్రంలో గాలిమరల సామర్థ్యం 130 మెగావాట్లకు అటూ ఇటూ అయితే, పక్కనున్న ఆంధ్రప్రదేశ్‌లో 4 వేలు దాటింది. కాబట్టి జైసల్మేర్ నమూనాను ఇక్కడ అచ్చు దించితే లాభం లేదు.

మన ఎండకు జోడీ నీళ్ళు. శ్రీశైలం ఎడమగట్టు కేంద్రంలో 150 మెగావాట్ల యూనిట్లు ఆరున్నాయి. అవి కరెంటు తీయడమే కాదు, తిరగేస్తే నీళ్ళను పైకి కూడా తోడుతాయి. మధ్యాహ్నం మిగిలిన సోలార్ కరెంటుతో నీళ్ళు పైకెక్కించి, సాయంత్రం కిందికి వదిలితే ఎండ కరెంటు దీపాల వేళకు అందుతుంది. ఇందులో నష్టమూ ఉంది. నాలుగు యూనిట్లు ఖర్చు పెడితే సుమారు మూడు తిరిగొస్తాయి. కింద నీళ్ళు నిలువ లేకుంటే ఆ పనీ సాగదు.

ఇక అసలు ప్రశ్న. మెగావాట్ సోలార్‌కు నాలుగైదు ఎకరాలు కావాలె. ఆ భూమి ఎవరిది? గొర్లు మేసే బీడుదా, పేదల అసైన్డ్ భూమా? అమ్ముకున్న రైతుకు ఒక్కసారే పైసలొస్తాయి. కౌలుకిచ్చిన రైతుకు ఏటేటా వస్తాయి. 2019లో మొదలైన పీఎం కుసుమ్ పథకం రైతులు, సహకార సంఘాలు, పంచాయతీలు తామే 2 మెగావాట్ల దాకా ప్లాంటు పెట్టి డిస్కంకు అమ్ముకునే దారి చూపింది. ఆ దారిని మనం వాడుకోవాలె.

విద్యార్థులారా, మీ ఊరి బీడు లెక్క తీయండి. ఉద్యోగులారా, ఒప్పంద పత్రాలను రైతుకు తెలుగులో చదివి వినిపించండి. అమ్మకం కాదు కౌలు, ఏటా పెరిగే కిరాయి, స్థానిక యువతకు కొలువు. ఈ మూడూ కాగితం మీద రాసి ఉన్నాకనే రైతు వేలిముద్ర పడాలె.