పన్ను తీయించుకొనుట: భయము, వివేకము

(తల్లిదండ్రుల సభలో ప్రధానోపాధ్యాయుడు చేసిన ప్రసంగము)



ఏటేట ఈ సభలో చదువును గూర్చియు, పరీక్షలను గూర్చియు మాటలాడుట నా వాడుక. నేడు పంటినిగూర్చి మాటలాడ దలచితిని. నవ్వకుడు. మొన్నటి అర్ధసంవత్సర పరీక్షలనాడు ఆరవ తరగతి బాలిక యొకతె చెక్కిట చేయి చేర్చుకొని, వ్రాయవలసిన కాగితమును తెల్లగనే విడిచి కూర్చుండెను. ఏమని అడిగితిని. "పన్ను నొప్పి సార్. పైపన్ను పీకితే కన్ను పోతుందంట, అవ్వ చెప్పింది" అని కన్నీరు పెట్టుకొనెను.

ఈ మాట మన యిండ్లలో తరతరములుగా నున్నది. కాని నిజము కాదు. పంటికి పోవు నరము వేరు, కంటికి చూపు నిచ్చు నరము వేరు. పన్ను తీసినందున చూపు తగ్గదు. చీము పట్టిన పంటిని అట్లే యుంచుటయే అపాయము. ముఖము వాచి, జ్వరము తగిలి, వ్యాధి లోపలికి ప్రాకి ఒక్కొక్కప్పుడు ప్రాణమునకే ముప్పు రావచ్చును.

ఒరులను తప్పు పట్టుటకు ముందు నా తప్పు చెప్పుకొందును. నేనును ఎనిమిది మాసములు జాగు చేసితిని. లవంగము నొక్కి పెట్టితిని; ఆస్పిరిన్ బిళ్ళను చిగురుమీద నుంచి చిగురు కాల్చుకొంటిని. మొదటనే వచ్చియుండినచో పంటిని పూడ్చి నిలిపియుందునని వైద్యుడు చెప్పెను.

తుదకు తీయించుకొన్న విధము వినుడు. ముందు ఎక్స్‌రే తీసిరి. పిమ్మట చిగురులో సూదిమందు వేసిరి, చీమ కుట్టినట్లయ్యెను. ఆ మందు లిగ్నోకెయిన్. 1943లో స్వీడన్ దేశమున తయారైనది. కొన్ని నిమిషములకు పెదవియు చెక్కిలియు మొద్దుబారెను. ఈ మందు నొప్పిని ఆపునే కాని ఒత్తిడిని ఆపదు. కావున పన్ను కదల్చునప్పుడు నొక్కినట్లు, లాగినట్లు తెలియును, చప్పుడును వినవచ్చును. దానికి బెదరరాదు. నొప్పియే తోచినచో చేయి యెత్తవలెను. వైద్యుడు మరికొంత మందు వేయును. 1844లో అమెరికాలో హొరేస్ వెల్స్ అను దంతవైద్యుడు నైట్రస్ ఆక్సైడును పీల్చి, తన పన్నునే తీయించుకొని పరీక్షించెను. అట్టివారి సాహసమువలననే నేడు మనకీ సుఖము కలిగినది.

ఇక తరువాతి పని మనది. గాజుగుడ్డను అరగంట సేపు కొరికి పట్టవలెను. గుంటలో రక్తము గడ్డ కట్టును. ఆ గడ్డయే ప్రకృతి కట్టిన కట్టు. మొదటి దినమంతయు పుక్కిలింపరాదు, గట్టిగా ఉమియరాదు, గొట్టముతో పీల్చరాదు. వేడి పానీయములు, వక్కాకు, పొగాకు వలదు. చెక్కిలిపై చల్లని గుడ్డ వేయవచ్చును, కాపడము పెట్టరాదు. చల్లారిన రాగి అంబలి, పెరుగన్నము మంచివి. ఉమ్మి కొంచెము ఎర్రగా నుండుట సహజము. రక్తము కారుచునే యున్నచో గుడ్డను మరల అరగంట కొరకవలెను. అప్పటికిని ఆగకున్న వైద్యుని చూడవలెను. మరునాటినుండి గ్లాసెడు గోరువెచ్చని నీటిలో అరచెంచా ఉప్పు వేసి మెల్లగా పుక్కిలింపవలెను.

నేను చేసినదేమి? సాయంకాలమునకే బాగున్నదనుకొని వేడి కాఫీ త్రాగి, గట్టిగా పుక్కిలించితిని. గడ్డ ఊడిపోయెను. మూడవనాడు నొప్పి చెవిదాక ప్రాకెను. దీనిని డ్రై సాకెట్ అందురు. వైద్యుడు గుంటను కడిగి మందు పెట్టిన పిదపగాని నెమ్మదింపలేదు. తగ్గవలసిన నొప్పి పెరిగినను, వాపు హెచ్చినను, జ్వరము వచ్చినను, మింగుట కాని ఊపిరి కాని కష్టమైనను ఆలసింపకుడు.

పిల్లల విషయ మొకటి. పాలపండ్లు 20. ఆరవయేట వాని వెనుక వచ్చు దవడపన్ను పాలపన్ను కాదు. అది పోయినచో మరల రాదు. ఆ బాలికది అట్టి పన్నే. "పాలపన్నే కదా, మళ్ళీ వస్తుంది" అని తండ్రి ఊరకుండెను. అవ్వ భయమునకును తండ్రి నమ్మికకును నడుమ పన్ను పోయినది. మరియు, సూదిమందు వేసిన బిడ్డ మొద్దుబారిన పెదవిని తెలియక కొరుకుకొనును. రెండు మూడు గంటలు కనిపెట్టి యుండవలెను.

కడపటి మాట మనకే చెందినది. మధుమేహము, రక్తపుపోటు, గుండెజబ్బు, గర్భము, రక్తమును పలుచబరచు మాత్రలు, పడని మందులు, ఇవి యన్నియు ముందుగా వైద్యునికి చెప్పవలెను. ఆ మాత్రలను మనంతట మనము మానరాదు. మనము నొప్పి యందుము. ఈ హోసూరు వైద్యశాలలలో వలి యందురు. చెప్పజాలక తల యూపి వచ్చు తల్లులు మనలో కలరు. మన బిడ్డలు తెలుగును తమిళమును నేర్చుచున్నారు కదా! వారిచేత ఒక చీటి వ్రాయించి తీసికొనిపొండు. దానిని చూచి దిద్దు భారము మా ఉపాధ్యాయులది.

ఆ బాలిక పన్ను తీసిన నాలుగవనాడు బడికి వచ్చెను. కడపటి బల్ల యొద్ద నిలువబెట్టి నల్లబల్లమీది పాఠము చదువుమంటిని. ఒక్క అక్షరము తప్పక చదివెను. ఆ మాట అవ్వకు చెప్పుమని పంపితిని.

పంటిని కాపాడుకొనుడు. తీయక తప్పనినాడు భయపడకుడు. సెలవు.