బంగారు రేకు – మతిమరపు
(మన సంఘ సమావేశమందలి ప్రసంగము)



మా ఆనేకల్ అంగడికి వచ్చువారు కొందరు ఈ మధ్య బంగారు రేకు అడుగుచున్నారు. తేనెలో రంగరించి ముసలివారికి పెట్టిన మరపు పోవునట! అమ్మిన మాకు లాభమే. అయినను మనస్సొప్పలేదు.

అల్జీమర్ వ్యాధియందు అమిలాయిడ్ బీటా అను ప్రోటీను తునకలు, పాలు తోడుకొన్నట్లు ఒకదానినొకటి పట్టుకొని, మెదడులో పోగులుగా పేరుకొనును. మిల్లీమీటరులో పది లక్షలవ వంతు నానోమీటరు. కొద్ది నానోమీటర్ల బంగారు రేణువులు ఈ పేరుకొనుటను అడ్డగించినట్లు పరీక్షనాళికలలో కనబడినది. రేణువు పెద్దదైనను, పైపూత మారినను, అదే బంగారము పోగులను త్వరపెట్టుటయు కలదు. మా రేకు అట్టి రేణువే కాదు. బెంగుళూరు జక్కూరునందలి జవహర్‌లాల్ నెహ్రూ పరిశోధన కేంద్రమువారు 2021లో ప్రకటించిన టి.జి.ఆర్.63 (అది లోహము కాదు) సైతము ఎలుకలయందు పరీక్షింపబడినదే.

విటమిన్ బి12 లోపమువలనను, థైరాయిడ్ జబ్బువలనను వచ్చు మరపు చికిత్సకు లొంగవచ్చును. రేకు నమ్మి నెలలు గడపిన ఆ అవకాశము చేజారును. పెద్దలను నిమ్హాన్స్‌కు తీసికొనిపొండు. జ్ఞాపకశక్తి పరీక్షలు తెలుగునను కలవు, అడుగుటకు సంకోచింపకుడు. కన్నడములో తడబడిన అవ్వ తెలుగులో సరిగా బదులు చెప్పవచ్చును.