మాత్ర మానడం అందరికీ ఒక్కటి కాదు

తిరుపతిలో నాకు తెలిసిన ఒక ఇంట్లో ఇద్దరు తోడికోడళ్ళున్నారు. ఇద్దరికీ వేరువేరు సందర్భాల్లో డాక్టరుగారు ఆందోళన తగ్గడానికి మాత్ర రాసిచ్చారు. చిన్నావిడ మూడు వారాలు వాడి మానేసింది. నాలుగు రాత్రులు నిద్ర సరిగా పట్టలేదు, అంతే. పెద్దావిడ మాత్రం ఆరేళ్ళుగా వాడుతూనే వచ్చింది. ఒకసారి పలమనేరుకు పెళ్ళికి పోతూ మాత్రల అట్ట ఇంట్లోనే మరచిపోయింది. రెండోనాటికి చేతులు వణుకు, ఒళ్ళంతా చెమటలు, గుండెదడ. మేళం చప్పుడు చెవుల్లో గుచ్చుకుంటుంటే, విడిదింట్లో తలుపు వేసుకుని పడుకుంది. "ఏందక్కా, ఒక్క మాత్ర మానుకోలేవా? నేను మానుకోలేదా?" అన్నది చిన్నావిడ. ఆ వణుకుకంటే ఈ మాటే పెద్దావిడను ఎక్కువ బాధపెట్టింది.

"మనసు గట్టి చేసుకుంటే సరి" అనడం మన ఇళ్ళల్లో మామూలే. అది ఎంతవరకు నిజమో ఈవేళ చూద్దాం.

ఈ మాత్రలను బెంజోడయజిపీన్లు అంటారు. 1960లో లిబ్రియం, 1963లో వేలియం అమ్మకానికి వచ్చాయి. మన దేశంలో 1969లో వచ్చిన కామ్‌పోజ్ పేరు మన అమ్మల తరానికి బాగా తెలుసు. ఇప్పుడు ఎక్కువగా వినబడేవి ఆల్ప్రజోలం, క్లోనజిపామ్, లోరజిపామ్. పేర్లు వేరైనా చేసే పని ఒకటే.

మెదడు పరుగును అదుపులో పెట్టడానికి గాబా అనే రసాయనం ఒకటి మనలోనే ఉంది. తిరుమల కొండ దిగే బస్సుకు బ్రేకు ఎట్లాగో, మెదడుకు ఇది అట్లాగ. మాత్ర ఆ బ్రేకును ఇంకొంచెం గట్టిగా నొక్కుతుంది. మనసు నెమ్మదిస్తుంది, నిద్ర వస్తుంది. కానీ నెలల తరబడి బయటినుంచి సాయం అందుతూ ఉంటే మెదడు తన బ్రేకును తాను వదులు చేసుకుంటుంది. అప్పుడు మాత్రను ఒక్కసారిగా తీసేస్తే, బ్రేకు పట్టని బస్సు ఘాట్ రోడ్డు మలుపులో పడినట్టే. వణుకు, దడ, నిద్రలేమి అందువల్ల వచ్చేవే. ఒక్కోసారి ఫిట్స్ కూడా రావచ్చు. అది ప్రాణం మీదికి తెచ్చే సంగతి.

మరి ఒకరికి తేలికగా, ఇంకొకరికి కష్టంగా ఎందుకుంటుంది?

మొదటిది, ఎంతకాలం, ఎంత మోతాదు వాడారన్నది. మూడు వారాలకూ ఆరేళ్ళకూ పోలిక లేదు గదా!

రెండోది, ఏ మాత్ర అన్నది. డయజిపామ్ ఒంట్లోనుంచి రోజుల తరబడి మెల్లగా పోతుంది. ఆల్ప్రజోలం పన్నెండు గంటల లోపలే దాదాపు సగానికి తగ్గిపోతుంది. త్వరగా దిగిపోయే మందు మానినప్పుడు కుదుపు ఎక్కువ. కొందరికి ఒక మాత్రకూ ఇంకో మాత్రకూ మధ్యనే గాబరా మొదలవుతుంది.

మూడోది, ఒంటి తీరు. ఈ మందులను కరిగించి పంపేది కాలేయం. ఆ పని కొందరిలో త్వరగా, కొందరిలో నిదానంగా జరుగుతుంది. ఇది పుట్టుకతో వచ్చిన తేడా. వయసూ దీన్ని మారుస్తుంది. ముట్లుడిగే వయసులో వచ్చే ఆవిర్లు, చెమటలు, థైరాయిడ్ తేడావల్ల వచ్చే దడ దీనికి తోడైతే, ఏది దేనివల్లనో తెలియక భయం రెట్టింపవుతుంది.

నాలుగోది, మొదట మాత్ర ఎందుకు మొదలైందన్నది. ఆ దిగులు, ఆ భయం తీరకుండా అట్లాగే ఉంటే, మాత్ర తీసేయగానే అదీ పైకి వస్తుంది.

వీటన్నిటికంటే ముఖ్యమైనది, ఎంత త్వరగా మానారన్నది.

ఇదంతా భయస్తుల ఊహే అనేవారికి తెలంగాణ కల్లు సంగతి చెప్పాలి. అక్కడ కొన్నిచోట్ల కల్లులో ఆల్ప్రజోలం, డయజిపామ్ కలిపి అమ్మేవారు. 2015లో ప్రభుత్వం ఆ కల్తీమీద దాడులు చేసినప్పుడు నిజామాబాదు, మహబూబ్‌నగర్ జిల్లాల్లో ఎందరో వణుకుతో, ఫిట్స్‌తో, పిచ్చిపట్టినవాళ్ళలా ఆస్పత్రుల పాలయ్యారు. 2020 మార్చిలో లాక్‌డౌన్‌కు కల్లు దుకాణాలు మూతపడితే హైదరాబాదు ఎర్రగడ్డ మానసిక ఆస్పత్రి అట్లాంటివారితో నిండింది. తాము మాత్ర మింగుతున్నామనే వాళ్ళలో చాలామందికి తెలియదు. తెలియని మాత్రను మానడానికి ఎవరైనా ముందే భయపడతారా? కాబట్టి ఇది పిరికితనం కాదు. ఒంటికి జరిగే పని.

మరి దారి ఏమిటి? నిదానమే దారి. ఇంగ్లండులో న్యూకాజిల్ నగరంలో హెదర్ ఆష్టన్ అనే ప్రొఫెసరమ్మ 1982 నుంచి పన్నెండేళ్ళు ఈ మాత్రలు మానేవారికోసమే క్లినిక్ నడిపారు. మనిషిని బట్టి, ఓపికను బట్టి మెల్లగా తగ్గించాలన్నది ఆమె నేర్పిన పద్ధతి. 2025లో అమెరికా వైద్యసంఘాలు ఇచ్చిన సూచన కూడా, రెండు నాలుగు వారాలకొకసారి 5 నుంచి 10 శాతం చొప్పున తగ్గించి చూడమనే. చివరి ముక్కలు మానడం కొందరికి మరీ కష్టం. అక్కడ తొందరపడకూడదు. కొన్నాళ్ళు బాగుండి మళ్ళీ బాధ రావచ్చు. అంతమాత్రాన ఓడిపోయినట్టు కాదు.

ఇదంతా డాక్టరుగారి చేతిమీదుగానే జరగాలి. గర్భిణులు, ఫిట్స్ ఉన్నవారు, ఎక్కువ మోతాదు వాడేవారు ఇంట్లో సొంతంగా ప్రయత్నించనే కూడదు. మెల్లగా కరగడానికి చేసిన ఎస్.ఆర్. మాత్రలను విరిచి వేసుకోరాదు. 2014 మార్చి నుంచి ఈ మందుల్లో చాలావాటిని చీటీ లేకుండా అమ్మరాదు, అమ్మినప్పుడు షాపువాళ్ళు రిజిస్టరులో రాసుకోవాలి. అందుచేత ఊరికి పోయేటప్పుడు అట్టతోపాటు చీటీ కూడా సంచిలో పెట్టుకోండి. మానే రోజుల్లో కాఫీ తగ్గించండి. అది వణుకునూ దడనూ పెంచుతుంది.

తిరుపతిలో రుయా ఆస్పత్రిలో మానసిక వైద్యవిభాగం ఉంది. చిత్తూరువారికి వేలూరు క్రైస్తవ వైద్యకళాశాల ఆస్పత్రి దగ్గరే. 14416 నంబరుకు ఫోను చేస్తే టెలీమానస్‌వారు తెలుగులో ఉచితంగా సలహా చెబుతారు. ఫిట్స్ వచ్చినా, మాట తడబడి లేనివి కనబడుతున్నాయన్నా, చచ్చిపోవాలన్న మాట నోట వచ్చినా, ఆ క్షణమే ఆస్పత్రికి తీసుకుపోవాలి.

మన తిరుపతి పెద్దావిడ సంగతి చెప్పి ముగిస్తాను. పెళ్ళినుంచి రాగానే ఆమెను డాక్టరుగారికి చూపించారు. ఆయన మళ్ళీ పాత మోతాదుతోనే మొదలుపెట్టించి, కుదుటపడ్డాక కొంచెం కొంచెంగా తగ్గించారు. పద్నాలుగు నెలలు పట్టింది. గోడమీది క్యాలెండరులో ఏ తేదీకి ఎంత తగ్గించాలో రాసిపెట్టింది చిన్నావిడే. రాత్రి నిద్రపట్టక పెద్దావిడ వరండాలో కూర్చుంటే, "నేనూ కూచుంటాలే అక్కా" అని పక్కన చేరేదట. ఏ మందుల చీటీలోనూ రాయని సాయం అది. మన ఇంట్లో ఎవరైనా మాత్ర మానలేక అవస్థపడుతుంటే, మనమూ మొదట ఆ సాయమే చేద్దాం.