సద్దికీ మనకూ ఒకటే కూర
(మండల సమాఖ్య వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



జైపూర్‌లో మన ఇండ్లల్ల పొద్దు షిఫ్టుతోనే మొదలైతది. బాయికి పోయినా, పవర్ ప్లాంటుకు పోయినా తెల్లారేసరికి సద్ది కట్టాలె. దానికి తగిన కూర నువ్వుల గోకరకాయ.

అరకిలో గోకరకాయ పీచు తీసి రాత్రే తుంచి పెట్టుకుందాం. పొద్దున ఉప్పేసి మెత్తగా ఉడికించి, వంచిన నీళ్లు పప్పులో పోసుకోవాలె. నాలుగు చెంచాల నువ్వులు సన్న సెగ మీద చిటపటలాడేదాకా వేయించాలి, మాడితే చేదు. ఎండుమిరపకాయలు, జీలకర్ర, ఎల్లిపాయలతో పలుకుగా దంచాలి. తాలింపులో ఉల్లిగడ్డ, పసుపు, ముక్కలు వేసి, తడి ఆరినంక పొడి చల్లి దించాలి. తడి లేకుంటే మధ్యాహ్నం దాకా రుచి పోదు.

నువ్వులల్ల ఇనుము, కాల్షియం ఉన్నాయి. నిమ్మకాయ పిండుకుంటే ఇనుము ఒంటికి బాగా పడుతుంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన రాష్ట్రంలో సగం మందికి పైగా ఆడవాళ్లకు రక్తం తక్కువని తేలింది. అయినా అందరికీ పెట్టి, మనం పచ్చడి మెతుకులతో సరిపెట్టుకుంటున్నాం. ఇకనుంచి సద్ది కట్టేటప్పుడే మన వాటా గిన్నెలో తీసి పెడదాం. ప్రతి సంఘంలో ఈ మాట చెప్పుకుందాం.